ఆరితే తెలుపు: సైన్సు మాస్టారి కారు, నల్ల ప్లాస్టిక్, రెండు రోజుల పని

దసరా శనివారం. కారు నా షెడ్డుకి వచ్చింది గురువారం పొద్దున్న. విజయనగరంలో ఆ వారం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఆయుధపూజకి బళ్లు కడిగించుకునేవాళ్లు, ఆ వెంటనే ఊరి అమ్మవారు పైడితల్లమ్మ జాతర, సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను. చుట్టాలంతా దిగిపోతారు. రింగు రోడ్డులో మా షెడ్డు ముందు పొద్దున్న ఏడింటికే ఐదు బళ్లు వరసలో ఉన్నాయి.

ఆరోది మాస్టారిది. గజపతినగరం వైపు హైస్కూళ్లలో సైన్సు చెప్పి రిటైరయ్యారు, కంటోన్మెంటులో ఉంటారు. ఎర్ర రంగు చిన్న ఎస్‌యూవీ, ఆరేళ్ల బండి. పెయింటు నిగనిగలాడుతోంది, అది నిజం. కానీ చుట్టూ ఉన్న నల్ల ప్లాస్టిక్, అంటే వీల్ ఆర్చీల (చక్రాల పైన ఉండే వంపుల) మీది అంచులు, డోర్ల కింది పట్టీలు, బంపర్ కింది భాగం, అద్దాల మొదళ్లు, అంతా బూడిద పూసుకున్న బైరాగిలా ఉంది. అక్కడక్కడ వేళ్ల గీతలతో సహా.

"ఏటి బాబూ, ఇది పోద్దా పోదా? పోకపోతే ముందే చెప్పెయ్. పండక్కి అల్లుడు వస్తున్నాడు."

సిరిమాను రోజు ఊళ్లో మెయిన్ రోడ్ల మీదకి కార్లు రానివ్వరు. ఆ బండి ఎలాగూ ఇంటిముందే ఉంటుంది. అయినా అల్లుడి కళ్లు కూడా ఇంటిముందే ఉంటాయి కదా. ఆయన టెన్షన్ నాకు అర్థమైంది.

పనిలో సగం ఏమిటంటే, బండికి ఏం జరిగిందో బండి యజమాని చేత నిజం చెప్పించడం. చాలామంది "ఏం చెయ్యలేదండి, దానంతటదే వచ్చింది" అంటారు. మాస్టారు మాత్రం ప్రాక్టికల్ రికార్డు రాసినట్టు వరసగా చెప్పారు. పోయిన ఆదివారం డబ్బాలో దొరికే వ్యాక్స్ పాలిష్ కొన్నారు. పదకొండు గంటల ఎండలో, వాకిట్లోనే, బనీను గుడ్డతో బండంతా పూశారు. పెయింటుకీ ప్లాస్టిక్‌కీ తేడా చూడలేదు, "నల్లగా ఉన్నదీ మెరవాలి కదా" అనుకున్నారు. ఆరాక పెయింటు మీద తుడిస్తే వచ్చేసింది, ప్లాస్టిక్ మీద రాలేదు. సోమవారం షాంపూతో కడిగారు. తడిగా ఉన్నంతసేపూ నల్లగానే ఉంది, ఆరాక మళ్లీ తెలుపు. మంగళవారం ఇంట్లో సలహా మేరకు కొబ్బరినూనె రాశారు. అద్భుతంగా నల్లబడింది. ఆ సాయంత్రమే గరివిడి దాకా వెళ్లొచ్చారు. దారి దుమ్మంతా నూనె మీద కూర్చుంది. బుధవారానికి తెలుపు మీద మట్టిరంగు పొర.

అంటే నాకు వచ్చింది ఒక మరక కాదు, మూడు రోజుల చరిత్ర.

ప్లాస్టిక్ మీద తెలుపు కనబడగానే "వ్యాక్స్" అని చేతికి దొరికింది పూసేస్తే పని చెడుతుంది. ఆ తెలుపు నాలుగు రకాలుగా రావచ్చు. ఒకటి మైనం. రెండోది పాలిష్‌లో ఉండే పొడి. మూడోది బోరు నీళ్ల సున్నపు మరక. నాలుగోది ఎండకి ప్లాస్టిక్ పైపొరే చితికిపోయి పాలిపోవడం, అది మరక కానే కాదు, ఏ మందుతోనూ కడిగితే పోయేది కాదు. అందుకని ముందు పది నిమిషాలు పరీక్షలకే ఇస్తాను.

బంపర్ కింద ఎవరికీ కనబడని మూల ఎంచుకున్నాను. ఒక చుక్క వెనిగర్ వేసి రెండు నిమిషాలు ఆగి తుడిచాను. మార్పు లేదు, కాబట్టి నీటి సున్నం కాదు. వెదురు టూత్‌పిక్‌తో మెల్లగా గీశాను. మొన మీద తెల్లటి పొడి, కాస్త జిడ్డుగా వచ్చింది. ఎండకి పాలిపోయిన ప్లాస్టిక్ అయితే గీసిన చోట కింద నుంచి అంత గాఢమైన నలుపు బయటపడదు. ఇక్కడ గీత కాటుకలా నల్లగా ఉంది. ఆ తర్వాత జిడ్డు వదిలించే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో రుద్దితే దూది పచ్చగా, మట్టిగా మారింది. అది కొబ్బరినూనె, దుమ్ము. చివరగా టార్చి ఏటవాలుగా పట్టి చూశాను. తెలుపంతా గుంటల్లో ఉంది, గట్ల మీద లేదు.

ఈ గుంటలూ గట్లూ సంగతి చెప్పాలి. కారు బయటి నల్ల ప్లాస్టిక్ ఎక్కువగా పాలీప్రొపైలిన్, అందులో కొంత రబ్బరు లాంటి పదార్థం, నలుపు కోసం కార్బన్ బ్లాక్ కలుపుతారు. పెయింటు వెయ్యరు, పెయింటుని కాపాడే పారదర్శకమైన పొర, అదే క్లియర్ కోట్, అదీ ఉండదు. అచ్చులోనే తోలు మీద ఉండే గరుకులాంటి డిజైన్ పడుతుంది. చేత్తో తడిమితే తెలుస్తుంది. పెయింటు మీద పాలిష్ పూస్తే అది నున్నటి గచ్చు మీద పడ్డ పిండి లాంటిది, ఒక్క తుడుపుతో వస్తుంది. గరుకు ప్లాస్టిక్ మీద పూస్తే రోట్లో ఇరుక్కున్న పిండి. గుడ్డ పైపైన పోతుంది, పిండి లోపలే ఉంటుంది.

ఇంకో సంగతి. జనం వ్యాక్స్ అన్నా పాలిష్ అన్నా ఒకటే అనుకుంటారు. వ్యాక్స్ అంటే మైనం. పేరున్న కార్నూబా మైనం బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీద నుంచి తీస్తారు, అది కరిగేది 82 నుంచి 86 డిగ్రీల మధ్య. పాలిష్ అంటే అరగదీసే మెత్తటి పొడి ఉన్నది, సాధారణంగా అల్యూమినియం ఆక్సైడ్ లాంటిది. డబ్బాల్లో దొరికే చాలా రకాల్లో ఈ రెండూ కలిపే ఉంటాయి. మైనం వేడికి లొంగుతుంది, ఆ పొడి లొంగదు. ఈ ఒక్క వాక్యం ఆ గురువారం పొద్దున్న నాకు గుర్తుండి ఉంటే ఒక పూట మిగిలేది.

గుర్తులేదు. పని ఇలా మొదలెట్టాను.

ముందు నూనె వదిలించాలి, లేకపోతే ఏ మందూ కింది పొర దాకా వెళ్లదు. బండిని నీడలోకి తెచ్చి, ప్లాస్టిక్ పూర్తిగా చల్లబడేదాకా ఆగాం. ఫోమ్ వేసి, కడిగి, ఆ తర్వాత ఏపీసీ, అంటే ఇంజను దగ్గర నుంచి సీట్ల దాకా అన్నిటికీ వాడే క్లీనర్, ఒక వంతుకి పది వంతుల నీళ్లు కలిపి స్ప్రే చేశాం. మెత్తటి బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతుంటే కారిన నురుగు చింతపండు పులుసు రంగులో ఉంది. రెండుసార్లు చేశాం. మూడోసారి నురుగు తెల్లగా దిగింది, నూనె పోయిందని లెక్క. ఏపీసీ ఆరనివ్వకూడదు, ఆరితే దాని చారలు మళ్లీ వేరే గోల. అందుకే ఒక్కో వీల్ ఆర్చీ విడిగా చేసుకుంటూ, వెంటనే కడుగుతూ పోయాం.

నూనె పోయాక అసలు తెలుపు మొత్తం బయటపడింది. వచ్చినప్పటికన్నా ఘోరంగా ఉంది. మాస్టారు అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తున్నారు, ఏమీ అనలేదు. అనకపోవడం ఇంకా కష్టం.

నేను స్టీమర్ తీశాను. మైనమే కదా, ఆవిరి పెడితే మెత్తబడుతుంది, బ్రష్‌తో లేపి తుడిచేద్దాం అని. నాజిల్‌ని ఒక జానెడు దూరంలో ఉంచి, ఆపకుండా కదుపుతూ, వెనకాలే మైక్రోఫైబర్ గుడ్డతో తుడుస్తూ పోయాను. గుడ్డకి మైనం అంటుకుంటోంది, చేతికి జారుడుగా తెలుస్తోంది. పన్నెండున్నరకి నాలుగు వీల్ ఆర్చీలూ నల్లగా అయిపోయాయి. ఫోన్ తీసి ఫొటో కూడా తీశాను. మాస్టారికి చూపించాను. భోజనానికి వెళ్లొచ్చేసరికి మా కుర్రాడు బండి దగ్గర నిలబడి తల గోక్కుంటున్నాడు.

"అన్నా, ఇదేటి, మళ్లీ తెల్లగా వచ్చేసింది?"

తెలుపు మునుపటంత మందంగా లేదు. కానీ ఉంది. గుంట గుంటకీ ఒక తెల్ల చుక్క, ముగ్గు చుక్కలు పెట్టినట్టు.

నేను ఇంకో రౌండు ఆవిరి పెడదామని పైపు అందుకున్నాను. అప్పుడు మాస్టారు కుర్చీలోంచి లేచి వచ్చి, వేలు నాలిక మీద తడి చేసుకుని ఒక చోట రుద్దారు. నల్లబడింది. ఊదారు. ఆరింది. తెల్లబడింది.

"ముప్ఫయ్యేళ్లు నల్లబోర్డు మీద రాశాను బాబూ. తడిగుడ్డ పెట్టి తుడిస్తే బోర్డు మెరిసిపోతుంది. పిల్లలు చప్పట్లు కూడా కొడతారు. ఆరాక చూడు, సుద్ద ఎక్కడికీ పోలేదు, సర్దుకుని కూర్చుంది. సుద్ద పోవాలంటే డస్టరే లాక్కుపోవాలి."

తర్వాత అదెందుకో కూడా వివరించారు. పొడి రేణువుల మధ్య గాలి ఉన్నంతసేపూ వెలుగు చిందరవందరగా చెదిరి తెల్లగా కనిపిస్తుంది. నీళ్లో నూనో ఆ సందుల్లోకి దిగితే వెలుగు తక్కువ చెదిరి కింద ఉన్న నలుపు దాకా చేరుతుంది. పొడి అక్కడే ఉంటుంది, కనబడదు అంతే. ఆయన సోమవారం షాంపూ, మంగళవారం కొబ్బరినూనె, నా గురువారం ఆవిరి, మూడూ చేసింది ఒకటే పని. ఆవిరితో మైనం సగం పోయింది, కానీ పాలిష్ పొడి గుంటల్లో అలాగే ఉండిపోయింది. పైగా తడిగా ఉండగానే ఫొటో తీసి గెలిచాననుకున్నాను.

ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఆరాక చూడాలని మా కుర్రాళ్లకి నేనే చెబుతాను. ఆ రోజు వరసలో ఐదు బళ్లు ఉన్నాయని తొందర. అంతకన్నా కారణం లేదు.

మధ్యాహ్నం నుంచి పద్ధతి మార్చాం. కరిగించడం కాదు, లేపి బయటికి లాగడం. ముందు పెయింటు అంచుల వెంబడి మాస్కింగ్ టేప్ వేశాం, బ్రష్ తగిలి పెయింటు మీద గీతలు పడకుండా. అరచేయంత జాగా ఒక్కటే తీసుకోవాలి, ఎక్కువ తీసుకుంటే చివరకి వచ్చేలోపు మొదలు ఆరిపోతుంది. ఏపీసీ ఈసారి కాస్త చిక్కగా, ఒకటికి ఐదు. నైలాన్ టూత్‌బ్రష్, మరీ గట్టిది కాదు, పిల్లలకి కొనేది. గుంటల్లోకి పొడుస్తున్నట్టు కాకుండా, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు తిప్పాలి. అర నిమిషానికి నురుగు పాలరంగులోకి మారుతుంది. ఆ పాలరంగే మనకి కావలసింది, పొడి గుంటలోంచి పైకి తేలిందన్న మాట. సరిగ్గా ఆ క్షణంలో తుడవాలి. నురుగు చావనిస్తే పొడి మళ్లీ దిగిపోతుంది. తడి పిండిన మైక్రోఫైబర్ గుడ్డని ఎనిమిది మడతలు పెట్టి, ఒక్కో తుడుపుకి ఒక్కో మడత. అదే మడతతో రెండోసారి తుడిస్తే తీసింది మళ్లీ పెట్టినట్టే. తర్వాత నీళ్లు, తర్వాత బ్లోయర్‌తో పూర్తిగా ఆరబెట్టి చూడ్డం. తెలుపుంటే మళ్లీ.

కుడి ముందు ఆర్చీకి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది, మూడు రౌండ్లు. చేయి తిరిగాక మిగతావి పదిహేనుకి దిగాయి. డోర్ పట్టీలు తేలికగానే వచ్చాయి. అద్దాల మొదళ్లు, ప్లాస్టిక్ పెయింటుని తాకే సన్నటి సందులు మాత్రం బ్రష్‌కి లొంగలేదు. అక్కడ పిల్లల తెల్ల రబ్బరు వాడాను, పెన్సిలు చెరిపేది. మొనదేలేలా బ్లేడుతో కోసి, పొడి ప్లాస్టిక్ మీద మెల్లగా రుద్దితే ఆ చెత్త రబ్బరు నలుసులకి చుట్టుకుని వచ్చేస్తుంది. రంగు రబ్బరు వద్దు, దాని రంగు అంటుకుంటుంది. ఇంకు చెరిపే గరుకు రబ్బరు అసలు వద్దు.

చివర్లో మిగిలిన జిడ్డుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సగం నీళ్లు కలిపి, గుడ్డ మీద వేసుకుని ఒక్క తుడుపు. తలుపులు తెరిచి ఉంచి, దగ్గర్లో బీడీ కూడా వెలగకుండా చూసుకుని.

ఇంత చెప్పి నా రెండో తప్పు దాచడం బాగోదు. ఆరున్నరకి ఎడమ వెనక ఆర్చీ మీద ఒక మొండి మచ్చ. లైటు తగ్గిపోయింది, చేతులు లాగుతున్నాయి. ఇంట్లో గోడల మరకలకి వాడే తెల్ల మెలమిన్ స్పాంజి ముక్క చేతికి దొరికింది. నాలుగుసార్లు గట్టిగా రుద్దాను. మచ్చ పోయింది. దాంతోపాటు గరుకు కూడా పోయింది. ఆ స్పాంజి మెత్తగా కనిపిస్తుంది గానీ అది చాలా సన్నటి ఉప్పుకాగితం లాంటిది. గట్లు అరిగి రూపాయి బిళ్లంత మేర నున్నగా, చుట్టూ ఉన్నదానికన్నా మెరుస్తూ తేలింది. దాన్ని వెనక్కి తేవడం కుదరదు. అచ్చులో పడ్డ గరుకు చేత్తో పెట్టేది కాదు. మాస్టారికి ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను.

"బండిలో ఒక్క చోటేనా?"

"ఒక్క చోటే మాస్టారూ."

"అయితే సరే. నేను చేసింది బండి చుట్టూ కదా."

శుక్రవారం పొద్దున్నే రెండో రౌండు. రాత్రంతా ఆరిన ప్లాస్టిక్ అబద్ధం చెప్పదు. మూడు చోట్ల సన్నటి తెలుపు మిగిలింది, పదింటికల్లా తీసేశాం. వెనక బంపర్ పైభాగం మాత్రం ఇంకా బూడిద రంగులోనే ఉంది. టూత్‌పిక్‌తో గీస్తే పొడి రాలేదు, కింద నలుపూ లేదు. అది ఆరేళ్ల ఎండ. మాస్టారింట్లో కారు ముఖం గోడ వైపు, వెనక భాగం పడమటి ఎండకి పెడతారు. అది కడిగితే పోయేది కాదని చెప్పాను, దానికి డబ్బు తీసుకోలేదు.

షెడ్డులో చుట్టూ చేరినవాళ్లు ఇచ్చిన సలహాలు కూడా రాయాలి, ఎందుకంటే రేపు మీకూ ఎవరో ఒకరు ఇస్తారు. పెట్రోలు, థిన్నర్ అన్నారు. పక్కనున్న పెయింటు మీద పడితే కథ ముగుస్తుంది, నిప్పు భయం సరేసరి. కిరోసిన్ మైనాన్ని వదిలిస్తుంది గానీ తన జిడ్డు తాను వదిలి వెళుతుంది. హీట్ గన్‌తో ప్లాస్టిక్ నల్లబడుతుందన్న మాట నిజమే, కొన్నాళ్లు. పాలీప్రొపైలిన్ కరిగేది 160 డిగ్రీల దరిదాపుల్లో, హీట్ గన్ దాన్ని ఇట్టే దాటిపోతుంది, ఒక్క క్షణం చేయి ఆగితే గరుకు చదునైపోతుంది. బూటు పాలిష్ వానకి కారి పెయింటు మీద చారలు కడుతుంది. ఒకాయన పీనట్ బటర్ అన్నాడు, వీడియోలో చూశాడట. అది నిజంగానే కొంత పనిచేస్తుంది, నూనె మైనాన్ని మెత్తబరుస్తుంది, పలుకు కాస్త రుద్దుతుంది. కానీ ఆ తర్వాత ఆ నూనె వదిలించాలి కదా. మన ఊళ్లో వేరుశనగ ముద్ద పూసి బండి బయట పెడితే తెల్లారేసరికి చీమలే పాలిష్ చేసి పెడతాయి.

శుక్రవారం సాయంత్రం బండి ఇచ్చేశాను, కానీ డ్రెస్సింగ్, అంటే ప్లాస్టిక్‌కి నలుపూ మెరుపూ ఇచ్చే పూత, పుయ్యకుండా. మా కుర్రాడికి అది నచ్చలేదు, మెరుపు లేకుండా ఎలా ఇస్తామని. నేను కావాలనే ఆగాను. రెండు రోజులు ఎండలో తిరిగి ఆరాక కూడా తెలుపు రాకపోతేనే పని అయినట్టు. మిగిలిన పొడి మీద డ్రెస్సింగ్ పూస్తే కొబ్బరినూనె కథే ఖరీదైన సీసాలోంచి మళ్లీ నడుస్తుంది. ఆదివారం పొద్దున్నే రమ్మన్నాను.

ఆదివారం వచ్చారు. తెలుపు లేదు. పసుపు ఉంది. శనివారం ఆయుధపూజ, ఇంటావిడ చక్రాలకి, బంపర్‌కి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. డ్రెస్సింగ్ లేని గరుకు ప్లాస్టిక్‌లోకి పసుపు చక్కగా దిగిపోయింది. నేను నవ్వాలో ఏడవాలో తెలియక ఏపీసీ కొట్టాను. పసుపు ఒక్కసారిగా ఎర్రగా మారింది. మా కుర్రాడు బ్రష్ వదిలేసి వెనక్కి గెంతాడు.

మాస్టారి ముఖం వెలిగిపోయింది. "ఒరే, భయపడకు. పసుపు క్షారంలో ఎరుపెక్కుతుంది. మీ క్లీనర్ క్షారం. బడిలో లిట్మస్ కాగితాలు లేనప్పుడు పసుపు కాగితంతోనే చేయించేవాణ్ణి."

అదే పాత పద్ధతిలో సున్నాలు చుట్టి, మడత మార్చి తుడిస్తే పది నిమిషాల్లో పోయింది. ఆరబెట్టి చూశాం. ఆ తర్వాత నీళ్ల ఆధారంగా తయారయ్యే డ్రెస్సింగ్, స్పాంజి మీద నాలుగు చుక్కలు, పల్చగా. పావుగంట ఆగి పొడిగుడ్డతో పైన మిగిలింది లాగేశాం. నూనెలా నిగనిగలాడే సిలికాన్ రకం నేను పుయ్యను, దుమ్ము పట్టే గుణం కొబ్బరినూనెతో పోటీ పడుతుంది. వెనక బంపర్ కూడా కాస్త నల్లబడింది, రెండు నెలలకి మళ్లీ రమ్మన్నాను. ఈసారి పాలిష్ పూసుకోవాలనిపిస్తే ప్లాస్టిక్ అంచుల మీద మాస్కింగ్ టేప్ అంటించి, పొద్దున్న ఎనిమిది లోపు, నీడలో, ఒక్కో ప్యానెల్ చొప్పున పుయ్యమని చెప్పి, మా దగ్గరున్న సగం టేపు చుట్ట ఇచ్చాను.

మొత్తం పని రెండు రోజుల్లో కలిపి తొమ్మిది గంటలు, ఇద్దరం. 1,800 అనుకున్నాం, 1,500 తీసుకున్నాను.

బండి వెనక్కి తీస్తుండగా ఎడమ వెనక ఆర్చీ చూశాను. నేను అరగదీసిన రూపాయి బిళ్ల కనపడలేదు. వంగి చూస్తే, సరిగ్గా దాని మీద కుంకుమ బొట్టు. మిగతావన్నీ తుడిచాం, అది ఎలా మిగిలిందని కుర్రాణ్ణి అడిగాను.

"మాస్టారు దాన్ని తుడవొద్దన్నారన్నా."